గాత్రం: దాని పుట్టుక, పోషణ

వీణకు పనసకర్ర కావాలి. మృదంగానికి తోలు కావాలి. పిల్లనగ్రోవికి వెదురు కావాలి. గాత్రానికి ఇవేవీ అక్కరలేదు. ఊపిరి పీల్చే ప్రతి మనిషీ తన వాద్యాన్ని తన మెడలోనే పెట్టుకొని తిరుగుతూ ఉంటాడు. ఇంత దగ్గరగా ఉన్న వస్తువును గురించి మనకు తెలిసినది మాత్రం బహుస్వల్పం. సైకిలు గొలుసు ఎందుకు జారిందో క్షణంలో చెప్పగల విద్యార్థి, తన గొంతు ఎందుకు జీరపోయిందో చెప్పలేడు.

కంఠస్వరాన్ని గురించి మన విద్యార్థులలో రెండు అభిప్రాయాలు బలంగా నాటుకొని ఉన్నాయి. మంచి గొంతు దైవదత్తం, కొందరికి ఉంటుంది, తక్కినవారికి ఉండదు అనేది మొదటిది. ఎంత గట్టిగా అరిస్తే గొంతు అంతగా విచ్చుకుంటుంది అనేది రెండవది. మొదటి అభిప్రాయం ఎందరినో జీవితాంతం నోరు విప్పకుండా చేసింది. రెండవది నోరు విప్పిన వారి గొంతులను పాడుచేసింది. వార్షికోత్సవపు పోటీలలో పద్యం చదివేవారు, గజల్ పాడేవారు, లలితగీతం పాడేవారు కొందరైనా బొంగురు గొంతులతో వేదిక ఎక్కడం ఏటేటా మనం చూస్తున్నదే. అందువల్ల కంఠధ్వని ఎట్లా పుడుతుంది, వయస్సుతో ఎట్లా మారుతుంది, సాధన దానిని ఏమి చేస్తుంది అనే విషయాలను మాకు తెలిసిన మేరకు ఇక్కడ వివరించదలచాము.

పూర్వులు ఈ విషయాన్ని ఆలోచించకపోలేదు. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవరాజుల ఆశ్రయంలో ఉండిన శార్ఙ్గదేవుడు తన ‘సంగీతరత్నాకరం’లో నాదోత్పత్తిని వర్ణించాడు. పలకాలని కోరిన ఆత్మ మనస్సును ప్రేరేపిస్తుంది, మనస్సు దేహంలోని అగ్నిని తట్టుతుంది, అగ్ని వాయువును కదిలిస్తుంది, ఆ వాయువు పైకి లేస్తూ నాదంగా పరిణమిస్తుంది అని ఆయన వర్ణన సారాంశం. మంద్రస్థాయికి హృదయం, మధ్యస్థాయికి కంఠం, తారస్థాయికి శిరస్సు స్థానాలని కూడా చెప్పాడు. ఇది శరీరశాస్త్రం కాదని తోసివేయడం తేలిక. కాని రొమ్ము మీద అరచేయి ఉంచుకొని మంద్రషడ్జం పలికి చూడండి. ఎముకలు అదరడం చేతికి తెలుస్తుంది. తారస్థాయికి పోయినకొద్దీ ఆ అదురు రొమ్మును విడిచి తలలో తోచుతుంది. పాడేవాని అనుభవాన్ని శార్ఙ్గదేవుడు సరిగానే పట్టుకున్నాడని మా అభిప్రాయం.

అరబ్బీ పండితుల దృష్టి మరొక వైపు నుండి వచ్చింది. 8వ శతాబ్దపు వ్యాకరణవేత్త ఖలీల్ బిన్ అహ్మద్ తన నిఘంటువులో అక్షరాలను వాడుకలోని వరుసలో గాక, పుట్టుచోటును బట్టి అమర్చాడు. కంఠపు లోతులో పుట్టే ‘ఐన్’తో ఆరంభించి పెదవుల దాకా నడిచాడు. మన వర్ణమాల కంఠ్యాలైన క, ఖ, గ, ఘ లతో మొదలై ఓష్ఠ్యాలైన ప, ఫ, బ, భ లతో ముగిసే పద్ధతి దీనికి ఎంత చేరువగా ఉన్నదో రెండు భాషలూ చదివే మన విద్యార్థులకు చెప్పనక్కరలేదు. వైద్యుడైన ఇబ్న్ సీనా (980–1037) అక్షరధ్వనుల ఉత్పత్తి కారణాలపై ప్రత్యేకంగా ఒక చిన్న గ్రంథమే వ్రాసి, అందులో స్వరపేటికలోని మృదులాస్థులను వర్ణించాడు. అంతకు పూర్వమే, క్రీ.శ. 2వ శతాబ్దంలో, గాలెన్ అనే గ్రీకు వైద్యుడు అరుస్తున్న పందికి మెడలోని ఒక నాడిని కత్తిరించి చూపాడు. పంది బ్రతికే ఉన్నది, కాళ్లు కొట్టుకుంటూనే ఉన్నది, అరుపు మాత్రం ఆగిపోయింది. స్వరపేటికను నడిపే నాడి ఏదో ఆనాడు తేలింది.

అయితే పాడుతున్న మనిషి గొంతు లోపల ఏమి జరుగుతున్నదో ఎవరూ చక్కగా చూడలేదు. ఆ పని చేసినవాడు వైద్యుడు కాదు, సంగీతోపాధ్యాయుడు. స్పెయిన్ దేశీయుడైన మాన్యుయెల్ గార్సియా 1854లో పారిస్‌లో, పళ్ళవైద్యులు వాడే చిన్న అద్దాన్ని గొంతులో అంగిటి వద్ద నిలిపి, చేతిలోని మరొక అద్దంతో సూర్యకాంతిని దాని మీదకు మళ్లించి, తన స్వరపేటికను తానే చూచుకున్నాడు. మరుసటి ఏడు ఆ పరిశీలన లండన్ రాయల్ సొసైటీ ముందుకు వచ్చింది. నేడు చెవి, ముక్కు, గొంతు వైద్యులు చేసే పరీక్షకు మూలం ఆ రెండు అద్దాలే. గార్సియా 1805లో పుట్టి 1906 వరకు, నూటొక్క ఏండ్లు జీవించాడు.

ఇక యంత్రం సంగతికి వద్దాము. ఏ ధ్వనికైనా మూడు కావాలి: బలం ఇచ్చేది, కంపించేది, ఆ కంపనాన్ని పెంచి తీర్చేది. హార్మోనియంలో తిత్తి, రీడు, పెట్టె ఈ మూడు పనులు చేస్తాయి. మనిషిలో ఊపిరితిత్తులు తిత్తి, స్వరతంత్రులు రీడు, గొంతు నుండి పెదవుల దాకా ఉన్న దారి పెట్టె. హార్మోనియంకూ మనిషికీ ఉన్న పెద్ద తేడా ఒక్కటే. అందులో ప్రతి స్వరానికీ ఒక రీడు ఉన్నది. మనకు ఉన్నది ఒక్క జత. ఆ జతే సాగుతూ, కుంచించుకుంటూ మూడు స్థాయిలూ పలకాలి.

మొదట ఊపిరి. ఛాతీకీ కడుపుకూ మధ్య గొడుగువలె పరచుకొని ఉన్న కండరపు పొరను విభాజక పటలం అంటారు. అది కిందికి దిగితే ఊపిరితిత్తులు నిండుతాయి, పొట్ట కొంచెం ముందుకు వస్తుంది. గట్టిగా ఊపిరి పీల్చమంటే భుజాలు పైకెత్తే అలవాటు మన వారిలో చాలమందికి ఉన్నది. భుజాలు ఎత్తితే మెడ బిగుస్తుంది, వచ్చే గాలి మాత్రం అంతగా పెరగదు.

పాడడానికి కావలసిన గాలి పీడనం ఎంతో తెలుసుకోవాలంటే ఒక చిన్న ప్రయోగం చాలు. గ్లాసెడు నీళ్లలో ఒక సన్నని గొట్టాన్ని ఆరు సెంటీమీటర్ల లోతున ముంచి, బుడగలు వచ్చేట్లు ఊదండి. మామూలుగా మాట్లాడేటప్పుడు స్వరతంత్రుల కింద ఉండే పీడనం దాదాపు అంతే. బిగ్గరగా పాడితే అది ఇరవై, ముప్పై సెంటీమీటర్లకు పోతుంది. పిల్లవాడు కూడా ఊదగలిగే ఈ పాటి బలం కోసం మెడనరాలు ఉబ్బేట్లు బిగించవలసిన పని లేదని దీనివల్ల స్పష్టమవుతుంది. ఇట్లా గొట్టంతో నీళ్లలోకి ఊదుతూ సన్నగా కూనిరాగం తీయడం అలసిన గొంతుకు ఒక చికిత్సగా నేడు వైద్యులే చెప్పి చేయిస్తున్నారు.

బలం తక్కువే అయినా, దానిని నిలకడగా ఉంచడం కష్టం. నిండా పీల్చినప్పుడు ఛాతీ, ఊపిరితిత్తులు సాగిన రబ్బరువలె వెనుకకు ముడుచుకోవాలని చూస్తాయి. అప్పుడు గాలి అవసరానికి మించి తోసుకొని వస్తుంది గనుక, పీల్చుకొనే కండరాలే దానిని పట్టి ఆపాలి. పల్లవి చివరకు వచ్చేసరికి గాలి తగ్గి పరిస్థితి తారుమారవుతుంది. అప్పుడు పొట్ట కండరాలు తోయాలి. ఒక్క ఊపిరిలో ఈ రెండు పనుల మధ్య మార్పు వినేవారికి తెలియకుండా జరిగిపోవాలి. ‘దమ్ము పట్టడం’ అని మన గాయకులు అనేది ఇదే. దమ్ము పట్టడమంటే ఎక్కువ గాలి నింపుకోవడమని అనుకొనేవారున్నారు. నింపడం కాదు, ఉన్నదానిని పొదుపుగా ఖర్చుపెట్టడం.

స్వరపేటిక వాయునాళం పైభాగాన ఉన్న మృదులాస్థుల గూడు. దాని అసలు ఉద్యోగం సంగీతం కాదు, కాపలా. అన్నం మెతుకు ఊపిరిదారిలో పడకుండా మూసివేయడానికి ప్రకృతి దానిని నియమించింది. పొలమారినప్పుడు వచ్చే దగ్గు ఆ కాపలావాని కేక. ఆ కాపలావాని చేతనే మనం పాట పాడించుకుంటున్నాము. అందులో ముందు నుండి వెనుకకు రెండు మడతలు ఉంటాయి. 1741లో ఫెరైన్ అనే ఫ్రెంచి వైద్యుడు వీటిని తీగలతో పోల్చినందున ‘తంత్రులు’ అనే పేరు స్థిరపడింది. నిజానికి అవి తీగలవంటివి కావు, పెదవులవంటివి. లోపల కండరం, దానిపైన మెత్తని పొరలు, అన్నిటికీ పైన తడిగా ఉండే పలుచని శ్లేష్మపొర. పురుషులలో వీటి పొడవు సుమారు 15 నుండి 20 మిల్లీమీటర్లు, స్త్రీలలో సుమారు 10 నుండి 15 మిల్లీమీటర్లు. మన చిటికెన వ్రేలి గోరు పొడవు అనుకోవచ్చును. ఘంటసాల పద్యమైనా, బడే గులాం అలీ ఖాన్ ఠుమ్రీ అయినా పుట్టింది ఆ గోరంత చోటులోనే.

ఇవి ఎట్లా కంపిస్తాయి? ప్రతి కంపనానికీ మెదడు నుండి ఒక్కొక్క నాడీ ఆజ్ఞ వస్తుందని 1950లో హుసోన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వాదించాడు. ఆ వాదం నిలవలేదు. 1958లో హాలండ్ శాస్త్రజ్ఞుడు వాన్ డెన్ బెర్గ్ వివరించిన సిద్ధాంతాన్నే నేడు అందరూ ఆధారంగా గ్రహిస్తున్నారు. కండరాలు మడతలను దగ్గరకు చేర్చి ఉంచుతాయి, అంతవరకే వాటి పని. కింది నుండి గాలి వత్తిడి పెరిగి మడతలను తోసుకొని బయటకు వస్తుంది. వచ్చిన వెంటనే వత్తిడి తగ్గుతుంది, మడతలు తమ సాగుడు గుణంచేత తిరిగి మూసుకుంటాయి. మళ్లీ వత్తిడి పెరుగుతుంది. ఊదిన బుడగ మూతిని రెండు వైపులా లాగి పట్టుకుంటే కీచుమని మ్రోగేది ఈ సూత్రం మీదనే. ఒకటి శ్రుతిలో షడ్జం పలికే పురుషుని తంత్రులు సెకనుకు సుమారు 131 సార్లు ఇట్లా తెరచి మూసుకుంటాయి. ఐదవ శ్రుతిలో పాడే స్త్రీ తంత్రులు 196 సార్లు. ఈ సంఖ్యలను పాఠకులు తేలికగా దాటిపోరాదు. ఆ గాయని ఆ షడ్జాన్నే మొత్తం మీద ఒక గంటసేపు పలికితే, ఆ రెండు మెత్తని పొరలు ఏడు లక్షల సార్లు ఒకదానినొకటి తాకినట్లు. మెల్లగా తాకితే ఏమీ కాదు. అరుపులో అవి చప్పట్లు కొట్టినట్లు కొట్టుకుంటాయి.

స్వరం హెచ్చాలంటే తంత్రులు సాగి, పలుచబడి, బిగుసుకోవాలి. కంఠమణికి కొంచెం కిందుగా, దానికీ దాని కిందనున్న ఉంగరంవంటి మృదులాస్థికీ మధ్య ఒక చిన్న సందు వ్రేలికి తగులుతుంది. అక్కడ వ్రేలు ఉంచి షడ్జం నుండి తారషడ్జం దాకా జారుడుగా పలికితే ఆ సందు మూసుకుపోవడం తెలుస్తుంది. రెండు మృదులాస్థులు ఒకదానిపైకి ఒకటి వాలి, తంత్రులను సాగదీస్తున్నాయన్నమాట. కింది స్వరాలలో తంత్రుల లోపలి కండరం కూడా పాల్గొని స్వరానికి బరువు ఇస్తుంది. పై స్వరాలలో ఆ కండరం వదులై, అంచుల పైపొర మాత్రమే అల్లాడుతుంది. ఈ రెండు పద్ధతుల మధ్య ఒక అతుకు ఉన్నది. సాధన లేని గొంతు అక్కడ విరుగుతుంది. దీర్ఘసాధన ఆ అతుకును కనబడకుండా చేస్తుంది. అయితే కళకు నియమాలు లేవు. బేగం అఖ్తర్ (1914–1974) గజల్‌లో గొంతు అక్కడక్కడ చిట్లడం ఆమె పాటకు ప్రాణమై, వినేవారు దానికోసమే ఎదురుచూచేవారు.

తంత్రుల నుండి వెలువడే ధ్వనిని నేరుగా వింటే మనకు పాటగా తోచదు, తుమ్మెద రొదవలె ఉంటుంది. అందులో మూలస్వరంతోపాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలుగా అనేక స్వరాలు కలిసి ఉంటాయి. భౌతికశాస్త్రంలో వీటిని అనుస్వరాలంటారు. వ్యాకరణంలోని సున్నతో వీటికి సంబంధం లేదు. తంబురా తీగకింద జీవాళి దారం పెట్టగానే పొగమంచు విడినట్లు లోపలి స్వరాలన్నీ వినబడడం సంగీతాభిమానులు ఎరిగినదే. అవన్నీ ఈ జాతివే. తంత్రుల పైనుండి పెదవుల దాకా ఉన్న దారి, పురుషులలో సుమారు 17 సెంటీమీటర్లు, ఈ స్వరాలలో కొన్నింటిని ఆదరించి కొన్నింటిని అణచివేస్తుంది. ఒక చివర మూసి, ఒక చివర తెరచి ఉన్న 17 సెంటీమీటర్ల గొట్టం దాదాపు 500, 1500, 2500 హెర్ట్జ్‌ల వద్ద అనునాదం చెందుతుందని ఇంటర్మీడియట్ చదివిన ప్రతి విద్యార్థీ లెక్కకట్టగలడు. నాలుకను, దవడను, పెదవులను కదిలించి ఆ గొట్టం ఆకారం మార్చితే ఈ సంఖ్యలు మారుతాయి. మారడమే అచ్చులు. ‘ఆ’ అనేటప్పుడు మొదటి అనునాదం సుమారు 700 హెర్ట్జ్‌కు చేరుతుంది. ‘ఈ’ అనేటప్పుడు అది 300 ప్రాంతానికి దిగి, రెండవది 2000 దాటుతుంది. తంత్రులు ఒకే షడ్జాన్ని నిలిపి ఉంచినా నోరు ఆ, ఈ, ఊ అని మూడు రూపాలుగా దానిని చూపగలగడానికి ఇదే కారణం.

దీనినుండి ఒక విచిత్రం పుడుతుంది. ఐదవ శ్రుతిలో పాడే గాయని తారపంచమం చేరితే మూలస్వరమే 590 హెర్ట్జ్ దగ్గరకు పోతుంది. ‘ఈ’కి కావలసిన 300 ప్రాంతపు అనునాదం దానికి ఎంతో కిందుగా ఉండిపోయి పనికిరాకుండా పోతుంది. అందుచేత ఆమె తెలియకుండానే దవడ దించి ‘ఈ’ని ‘ఏ’ వైపు జరుపుతుంది. సాహిత్యం స్పష్టంగా లేదని వెనుక వరుసలోని పెద్దలు గొణుగుతారు. తప్పు ఆమెది కాదు, భౌతికశాస్త్రానిది.

మైకు లేని కాలంలో గాయకుడు వేలమందికి ఎట్లా వినబడేవాడు? పాశ్చాత్య ఒపెరా గాయకులను పరిశోధించిన స్వీడన్ శాస్త్రజ్ఞుడు యోహాన్ సుండ్‌బెర్గ్ 1970 తరువాత దీనికి చక్కని సమాధానం ఇచ్చాడు. వాద్యబృందం ధ్వని 500 హెర్ట్జ్ ప్రాంతంలో అతిబలంగా ఉండి, పైకి పోయినకొద్దీ క్షీణిస్తుంది. శిక్షణ పొందిన పురుషగాయకులు స్వరపేటికకు పైనున్న దారిని ఒక తీరుగా అమర్చి, 3000 హెర్ట్జ్ సమీపంలో ధ్వనిని గుమిగూడేట్లు చేస్తారు. అక్కడ వాద్యాల పోటీ తక్కువ. మానవుని చెవి అతిచురుకుగా ఉండేదీ ఆ ప్రాంతంలోనే. ఎక్కువ బలం ఖర్చు చేయకుండానే గొంతు వాద్యాలను చీల్చుకొని వస్తుంది. గట్టిగా అరవడానికీ దూరం వినబడడానికీ అభేదం లేదనే సంగతి మన యువకులు ఇక్కడ గ్రహించాలి.

మన తెలుగునాట ఆ అవసరాన్ని పద్యనాటకాలు, హరికథలు, బుర్రకథలు తీర్చుకున్నాయి. బుర్రకథకు జీవం పోసిన షేక్ నాజర్ (1920–1997) గుంటూరు జిల్లా పొన్నెకల్లు గ్రామంలో నిరుపేద ముస్లిం కుటుంబంలో పుట్టి, ‘పల్నాటి యుద్ధం’వంటి కథలను ఊరూరా చెప్పాడు. భుజాన తంబురా, చేతిలో అందెలు, కాళ్లకు గజ్జెలు, అడుగు వేస్తూ, పాడుతూ, మాట్లాడుతూ, నవ్విస్తూ కథ నడపాలి. గాలిని పాటకు, మాటకు, చిందుకు మూడు వాటాలుగా పంచుకోవలసిన కళ అది. ప్రభుత్వం 1986లో పద్మశ్రీతో ఆయనను గౌరవించింది. మైకు వచ్చిన తరువాత మరొక మార్గం తెరుచుకున్నది. బలం అవసరం తగ్గి, మెల్లని స్వరంలోని వంపులు వినబడసాగాయి. విజయనగరంలో శాస్త్రీయంగా నేర్చుకున్న ఘంటసాల వెంకటేశ్వరరావు (1922–1974) ఈ మార్పును బాగా గ్రహించినవాడు. సుదీర్ఘమైన రాగాలాపన తగ్గించి, మాటకు, భావానికి పెద్దపీట వేసి పద్యం పాడే పద్ధతి ఆయన వల్లనే ఇంటింటికీ చేరింది.

ఇప్పుడు వయస్సు సంగతి. విద్యార్థులకు ఇది అన్నిటికన్నా ముఖ్యం గనుక కొంచెం నిలిచి చెప్పదలచాము.

అప్పుడే పుట్టిన శిశువు తంత్రులు మూడు మిల్లీమీటర్లు కూడా ఉండవు. ఏడ్పు సెకనుకు 400, 500 కంపనాల వద్ద ఉంటుంది. తంత్రులలో పెద్దవారికి ఉండే పొరల విభజన శిశువులలో ఇంకా ఏర్పడి ఉండదు. అది బాల్యమంతటా క్రమంగా ఏర్పడుతూ, యౌవనారంభానికి గాని పూర్తి కాదు. చిన్నతనంలో ఆడపిల్లల గొంతుకూ మగపిల్లల గొంతుకూ పెద్ద భేదం ఉండదు. పన్నెండు మొదలు పదిహేనేండ్ల లోపల మగపిల్లలలో స్వరపేటిక అకస్మాత్తుగా పెరుగుతుంది, కంఠమణి పొడుచుకొని వస్తుంది, తంత్రులు పొడవై దళసరి అవుతాయి. స్వరం దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. వాద్యం మారింది, వాయించే మెదడుకు మాత్రం పాత లెక్కలే తెలుసు. అందువల్ల మాట మధ్యలో గొంతు ఎగిరి కీచుమంటుంది, తరగతి అంతా నవ్వుతుంది. ఆడపిల్లలకూ ఈ మార్పు ఉన్నది. స్వరం రెండు మూడు స్వరస్థానాలు తగ్గుతుంది, కొంతకాలం గాలి కలిసినట్లు బలహీనంగా ఉంటుంది. మార్పు చిన్నది కావడంచేత ఎవరూ గమనించరు. గమనించనందువల్ల ఆ రోజుల్లో కూడా పాత శ్రుతిలోనే వారిచేత పాడించి అలసట కలిగిస్తారు.

ఈ మార్పుకు కారణం పురుష హార్మోను అని నేడు మనకు తెలుసు. తెలియకముందే దానిని మనిషి క్రూరంగా ఉపయోగించుకున్నాడు. ఇటలీలో కొన్ని శతాబ్దాలపాటు చక్కగా పాడే బాలురకు గొంతు మారకముందే శస్త్రచికిత్స చేసి, నపుంసకులుగా మార్చి, బాలుని తంత్రులూ పెద్దవాని ఊపిరితిత్తులూ గల గాయకులను తయారుచేసేవారు. వారిలో చివరివాడైన అలెస్సాండ్రో మొరెస్కీ (1858–1922) గొంతు 1902, 1904 సంవత్సరాలలో రికార్డు చేయబడింది. నేటికీ వినవచ్చును. వినడానికి సంతోషమైన విషయం మాత్రం కాదు.

గొంతు విరిగిన పిల్లవానికి ‘నీ గొంతు పోయింది, ఇక పాడకు’ అని చెప్పడం మన ఇండ్లలో, బడులలో మామూలు. ఎనిమిదవ తరగతిలో ఆ మాట విన్నవాడు కళాశాలకు వచ్చేసరికి తనకు గొంతే లేదని స్థిరపరచుకొని ఉంటాడు. పోయింది పాత గొంతు. కొత్తది వచ్చిందని అతనికి చెప్పేవారు లేకపోయారు. ఆ సంధికాలంలో మెల్లగా, తక్కువ స్థాయిలో, కొద్దిసేపు పాడడం వల్ల ఏ హానీ లేదు. పాత ఎత్తులకోసం పెనుగులాడడం వల్లనే హాని. మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016) ఎనిమిదేండ్ల వయస్సులోనే విజయవాడలో కచేరీ చేసి పెద్దలను ఆశ్చర్యపరచాడు. ఆ బాలుని గొంతు కూడా ఏదో ఒకనాడు విరిగే ఉంటుంది. లోకానికి గుర్తున్నది తరువాత మూడు స్థాయిలలో నిరాటంకంగా తిరిగిన గొంతు మాత్రమే.

మన విద్యార్థుల వయస్సు పదహారు మొదలు ఇరవై ఒకటి వరకు. మార్పు ముగిసి గొంతు కుదురుకొనే కాలం ఇదే. బలం పూర్తిగా వచ్చేది ఇరవైల చివర. అది చాలకాలం నిలుస్తుంది. వార్ధక్యంలో కండరాలు సన్నగిల్లి పురుషుల స్వరం కొంచెం హెచ్చుతుంది, స్త్రీల స్వరం తగ్గుతుంది. అయినా సాధకుల గొంతు తొందరగా లొంగదు. పాటియాలా ఘరానాకు చెందిన బడే గులాం అలీ ఖాన్ చివరి సంవత్సరాలలో పక్షవాతం పాలైనా, కుమారుని తోడుతో కచేరీలు మానలేదు. ఆయన 1968లో కన్నుమూసింది మన హైదరాబాదులోనే, బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో.

సాధన చేస్తే తంత్రులు పొడవు కావు. మారేది వాటిని నడిపే తెలివి. ఎంత గాలికి ఎంత బిగువు అనే లెక్క మెదడులో స్థిరపడుతుంది. దానికి చెవి గురువు. చెవి విని, తప్పు పట్టి, గొంతును సరిదిద్దుతూ ఉండాలి. శ్రుతి పెట్టుకొని పాడాలని పెద్దలు పట్టుపట్టినది ఇందుకే. తనకు శ్రుతిజ్ఞానం లేదనుకొనేవారు లెక్కలేనంతమంది ఉన్నా, పుట్టుకతోనే స్వరభేదం తెలియనివారు నూటికి నలుగురికి మించరని పరిశోధకుల అంచనా. తక్కినవారికి లేనిది అభ్యాసం.

మన పద్ధతిలో సరళీస్వరాలు మాయామాళవగౌళలో మొదలుపెట్టి, జంటస్వరాలు, అలంకారాలు నడిపిస్తారు. మూడు కాలాలలో పాడిస్తారు, అకారంతో పాడిస్తారు. ఈ ఏర్పాటు పురందరదాసుదని సంప్రదాయం. హిందుస్తానీ ఉస్తాదులు తెల్లవారుజామున మంద్రషడ్జం మీద నిలిచే ఖరజ్ సాధన చేయిస్తారు. రెంటిలోనూ ఉన్న గుణం ఒకటే: తక్కువ బలంతో, నిలకడతో, హాయిగా ఉన్న చోట మొదలుపెట్టి అంచుల వైపు అంగుళం అంగుళంగా పోవడం. పూటకు ఇరవై నిమిషాల చొప్పున రెండు పూటలు చేసే సాధన, ఆదివారంనాడు ఒకేసారి చేసే మూడు గంటల సాధనకన్నా మేలు.

ఇక హాని సంగతి. అరుపులవల్ల తంత్రులు ఒకదానినొకటి బలంగా కొట్టుకొనే చోట, సరిగ్గా కంపించే భాగం నడుమ, కాయకాచినట్లు చిన్న బొడిపెలు లేస్తాయి. గునపం పట్టిన అరచేతిలో పొక్కులవంటివే ఇవి. తంత్రులు పూర్తిగా మూసుకోవు, గాలి జారుతుంది, గొంతు బొంగురుపోతుంది. తొలిదశలో మౌనం, సరైన అభ్యాసం చాలు. చాలమంది దీనికి పటికబెల్లం, మిరియాలు, అతిమధురం, తేనె వాడుతారు. వాటిని మేము నిందించము, గొంతుకు హాయి కలిగిస్తాయి. కాని మింగినది ఏదైనా అన్నవాహికలోకి పోతుంది. స్వరతంత్రులను తాకితే పొలమారుతుంది. తంత్రులకు తడి లోపలి నుండి రావాలి, దానికి రోజంతా తగినంత నీరు త్రాగడమే మార్గం. పీల్చే ఆవిరి మాత్రం నేరుగా వాటిని చేరుతుంది. సిగరెట్టు పొగ కూడా అట్లాగే నేరుగా చేరుతుంది. గొంతు పోయినప్పుడు బలవంతంగా గుసగుసలాడడం విశ్రాంతి అనుకోరాదు. అందులోనూ కండరాలు బిగుస్తాయి. బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే చిట్కాలు కట్టిపెట్టి వైద్యునికి చూపించుకోవాలి. స్వరపేటిక ఎడమవైపు నాడి మెడలో నుండి ఛాతీలోకి దిగి, గుండె దగ్గరి పెద్ద రక్తనాళాన్ని చుట్టి మళ్లీ పైకి వస్తుంది. అందువల్ల ఒక్కొక్కప్పుడు గొంతు మారడం ఛాతీలోని వ్యాధికి తొలి సూచన కావచ్చును. కోఠీలోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు వైద్యశాల మన నగర విద్యార్థులకు దూరమైనది కాదు.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఇది. ప్రార్థనాగీతానికి ఒకే శ్రుతిలో బాలబాలికలందరిచేత పాడిస్తున్నాము. పురుషుల ఒకటి శ్రుతికి స్త్రీల ఐదవ శ్రుతి సరిగా పంచమస్థానం. ఒకరికి హాయిగా ఉన్నది మరొకరికి పెనుగులాట అవుతుంది. ఒక రోజు బాలురకు, ఒక రోజు బాలికలకు విడిగా వారివారి శ్రుతిలో నియమిస్తే ఖర్చులేని సంస్కరణ అవుతుంది. క్రీడోత్సవాలు, సంగీతపోటీలు ఒకే వారంలో పెట్టడం మరొకటి. మూడు రోజులు మైదానంలో జేజేలు కొట్టిన విద్యార్థి నాలుగవ రోజున గజల్ పాడలేడు. రెంటికీ మధ్య పది రోజుల ఎడం ఉంటే చాలు. సంగీత సంఘానికి ఈ ఏడు రెండవ లౌడ్‌స్పీకరు కొనే ప్రతిపాదన ఉన్నదని విన్నాము. ఆ సొమ్ముతో ఒక తంబురాను కొని, తరగతులు ముగిసిన తరువాత సాయంత్రం ఒక గంటసేపు గ్రంథాలయం వెనుకనున్న గదిని తెరచి ఉంచే ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాము. ఆ గదికి తాళంచెవి ఎవరి వద్ద ఉండాలనే విషయం సంగీత సంఘ కార్యదర్శీ గ్రంథపాలకులూ మాట్లాడుకొని తేల్చుకోవచ్చును.